మేరీ సరేననే దాకా

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల సంఘాల్లో పెరిగినవాళ్ళకి బౌడెన్, బీర్ అనే పేర్లు కొత్త కాదు. రాతిపని చేసే విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జి బీర్ 1836లో భార్యలతో సహా ఓడెక్కి వచ్చారు. గోదావరి పాయల మధ్య ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. వాళ్ళ సంగతి సండే స్కూల్లో చెబుతాం, సంఘ వార్షికోత్సవాల్లో గుర్తు చేసుకుంటాం. వాళ్ళను ఇక్కడికి వెంటబెట్టుకొచ్చిన మనిషి గురించి మాత్రం అంతగా మాట్లాడుకోం. మాట్లాడినా, పళ్ళ డాక్టరు, సంపాదన వదిలేసి మిషనరీ అయ్యాడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ విషయంలో ఆ ఒక్క ముక్క వెనక ఇంచుమించు పదేళ్ళ కథ ఉంది. అందులో ఓడలు లేవు, ఎడారులు లేవు. ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒకరినొకరు ఎంతో ఇష్టపడిన భార్యాభర్తలు, వాళ్ళ మధ్య తెగని ఒక మాట.

గ్రోవ్స్ 1795 ఫిబ్రవరి 1న ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో, న్యూటన్ వేలెన్స్ అనే పల్లెలో పుట్టాడు. చదువయ్యాక లండన్‌లో దంతవైద్యం చేస్తున్న దగ్గర బంధువు జేమ్స్ థాంప్సన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. పనితో పాటు ఆ ఇంటి అమ్మాయి మేరీ బెతియా మీద మనసు పడ్డాడు. మేరీకీ ఇష్టమే. తండ్రి మాత్రం ఒప్పుకోలేదు. రక్తసంబంధం మరీ దగ్గరదని ఆయన అభ్యంతరం. మన వైపు పెళ్ళి సంబంధమంటే ముందు బంధువుల్లోనే వెతుకుతారు, వాళ్ళకు అదే అడ్డయింది.

పందొమ్మిదేళ్ళకే గ్రోవ్స్ ప్లిమత్ వెళ్ళి సొంతంగా వైద్యం మొదలుపెట్టాడు. చేతిలో మంచి పని ఉంది, మనసులో మేరీ ఉంది, దారి మాత్రం మూసుకుపోయింది. చిన్నప్పుడు ఒక ప్రసంగం విన్న రోజు నుంచీ, ఎప్పటికైనా దూరదేశాలకు వెళ్ళి ప్రభువును ప్రకటించాలన్న కోరిక అతనిలో ఉండేది. ప్లిమత్‌లో భక్తిపరులైన సేవకుల సహవాసం దొరికాక ఆ కోరిక మళ్ళీ నిద్ర లేచింది. పెళ్ళి ఎటూ కాదు కాబట్టి ఇక తన బతుకు మిషను పనికే అనుకున్నాడు.

ఇక్కడ నాకొక అనుమానం వస్తుంది. ప్రేమ విఫలమైన కుర్రవాడికి సేవకు పిలుపు వచ్చిందంటే, అందులో పిలుపు ఎంత, గాయం ఎంత? ఇలాంటి సాక్ష్యాలు మన సంఘాల్లోనూ వింటుంటాం. కుదరని సంబంధం, తప్పిన పరీక్ష, రాని ఉద్యోగం, ఆ వెంటనే సేవకు సమర్పణ. అవన్నీ అబద్ధమని నేననను. గాయం గుండా కూడా దేవుడు పిలవగలడు. కానీ గాయం మానాక ఆ సమర్పణ నిలుస్తుందా లేదా అన్నది చూడాలి. గ్రోవ్స్‌కి ఆ పరీక్ష తొందరగానే వచ్చింది. మేరీ తండ్రి మనసు మార్చుకున్నాడు. 1816లో పెళ్ళయింది. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు.

పిలుపు పోలేదు. చిక్కల్లా అదే. పోయుంటే కథ సుఖాంతమై అక్కడితో ఆగిపోయేది.

మేరీ విశ్వాసురాలే. గుడికి వెళ్ళే, బైబిలు చదివే, మర్యాదైన కుటుంబపు బిడ్డ. కానీ పుట్టిన దేశం వదిలి, తల్లిదండ్రులను వదిలి, చేతిలో ఉన్నదంతా వదిలి, పేరు కూడా సరిగా పలకడం రాని ఊరికి వెళ్ళి బతకడం ఆమె ఊహించుకోలేని సంగతి. భర్త కోరిక ఆమెకు తెలుసు. ఆ మాట వస్తేనే ఆమెకు బాధ. గ్రోవ్స్ అడిగాడు, ఆమె వద్దంది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ వద్దంది. ఆ తర్వాత అడగడం తగ్గించాడు.

ఇప్పుడు అతని పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. ఆలోచనకు దారి స్పష్టంగానే ఉంది. ప్రభువు వెళ్ళమన్నాడు, వెళ్ళాలి. ఆ కాలపు చట్టం ప్రకారమైనా, సంఘపు అలవాటు ప్రకారమైనా, భర్త నిర్ణయిస్తే భార్య వెంట నడవాల్సిందే. అతను గట్టిగా పట్టుబడితే తప్పుపట్టేవాళ్ళు ఎక్కువమంది ఉండరు. కానీ ఎదురుగా ఉన్నది మేరీ. ఏళ్ళ తరబడి ఎవరి కోసం ఎదురుచూశాడో ఆ మేరీ. ఆమె కంటనీరు చూసి కూడా తన వాదన నెగ్గించుకునే మనసు అతనికి లేదు. పోనీ ఆమె కోసం పిలుపును పూర్తిగా వదిలేద్దామంటే, రాత్రిపూట లోపల్నించి ఏదో పొడుస్తూనే ఉంది. నేను దేవునికంటే భార్యను ఎక్కువగా ప్రేమిస్తున్నానా అన్న ప్రశ్న భక్తిగల మనిషిని ఎంత నలిపేస్తుందో, నలిగినవాళ్ళకే తెలుస్తుంది.

గ్రోవ్స్ కంటే ముందు తరంలో ఇదే ప్రశ్న ఎదుర్కొన్న మరొకరు మనందరికీ తెలుసు. విలియం కేరీ. 1793లో ఆయన ఇండియాకు బయల్దేరతానన్నప్పుడు భార్య డొరొతీ రానంది. అప్పటికి ఆమె గర్భవతి. కేరీ పెద్ద కొడుకును తీసుకుని ఆమెను విడిచి బయల్దేరాడు కూడా. ఓడ ప్రయాణం ఆలస్యమవడంతో వెనక్కి వచ్చి మళ్ళీ అడిగారు. తన చెల్లెలు తోడు వస్తే వస్తానని, కొన్ని గంటల్లో మూటాముల్లె సర్దుకుని ఆమె బయల్దేరింది. బెంగాల్ వచ్చిన మరుసటి ఏడాదే అయిదేళ్ళ కొడుకు పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. డొరొతీ మతి చలించింది. 1807లో శ్రీరాంపూర్‌లో కన్నుమూసేదాకా కోలుకోలేదు. కేరీ చేసిన పని ఎంత గొప్పదో చెప్పడానికి నేను చాలను. ఆయన తర్జుమాలు, ఆయన ఓర్పు, అన్నీ గొప్పవే. కానీ పక్క గదిలో డొరొతీ ఉందన్న సంగతి దాచి ఆయన జీవితం చెప్పడం న్యాయం కాదు. ఆమె చివరికి సరేనంది నిజమే. ఆ సరే అనడానికి ఆమెకు దొరికిన వ్యవధి ఎంత?

గ్రోవ్స్ ఆ దారి పట్టలేదు. సహనమే దీనికి కారణమని నేను పూర్తిగా నమ్మను. కొంత సహనం, కొంత పిరికితనం, కొంత సుఖం కూడా కావచ్చు. ప్లిమత్ నుంచి ఎక్సెటర్‌కి మారాక వైద్యం బ్రహ్మాండంగా సాగింది. ఏడాదికి పదిహేను వందల పౌండ్ల ఆదాయం. ఒక కూలివాడు ఏడాదంతా కష్టపడినా ముప్పై నలభై పౌండ్లు కళ్ళజూడడం గగనమైన రోజులవి. మగపిల్లలు హెన్రీ, ఫ్రాంక్ పుట్టారు. మంచి ఇల్లు, ఊళ్ళో పేరు, ప్రేమించిన భార్య. పిలుపు సంగతి మర్చిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? అతను మర్చిపోలేదు, కదలనూ లేదు. లోపల అపరాధ భావం మాత్రం పెరుగుతూ వచ్చింది.

చిక్కుముడి విప్పింది ప్రసంగమూ కాదు, వాదనా కాదు. డబ్బు. అతనూ మేరీ కలిసి ఒక చిన్న నిర్ణయం తీసుకున్నారు. ఆదాయంలో పదో వంతు బీదలకు పక్కన పెట్టాలని. దేశం వదిలి వెళ్ళే మాటకు ఒప్పుకోని మేరీ ఈ మాటకు ఒప్పుకుంది. పదో వంతు కాస్తా కొన్నాళ్ళకు నాలుగో వంతు అయింది. ఆ పైన, ఇల్లు సాదాగా గడవడానికి ఎంత కావాలో అంత ఉంచుకుని మిగతాదంతా ఇచ్చేయడం మొదలుపెట్టారు. ఇవ్వడమంటే చెక్కు రాసి పంపడం కాదు. ఎక్సెటర్ బీదవాడల్లో మేరీ స్వయంగా ఇళ్ళకు వెళ్ళేది, మంచం పట్టినవాళ్ళ పక్కన కూర్చునేది. అలా తిరిగే రోజుల్లోనే ఆమెలో ఏదో మారింది. ఏది పోతుందని ఇన్నాళ్ళూ భయపడిందో, దాన్ని తన చేతులతోనే కొంచెం కొంచెంగా ఇచ్చేస్తూ వచ్చింది. ఇచ్చేకొద్దీ భయం తగ్గింది.

1825లో గ్రోవ్స్ క్రైస్తవ సమర్పణ గురించి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. దాచుకోవద్దు, నేటి అవసరానికి మించింది దేవుని పనికి ఇవ్వమని అందులో వాదించాడు. చదివితే ఒంటిచేత్తో లోకాన్ని జయించిన వీరుడి రాతలా ఉంటుంది. కానీ ఆ పుస్తకంలో ప్రతి పేజీ వెనకా మేరీ ఉందని నా నమ్మకం. తొమ్మిదేళ్ళు ఆమెతో కలిసి బతకకపోతే, పదో వంతు దగ్గర్నించి మొదలుపెట్టాలన్న సంగతి అతనికి తట్టేదా? అతనొక్కడే అయితే మొదటి రోజే అంతా వదిలి ఓడెక్కేవాడు. అప్పుడు మనకొక సాహసగాథ మిగిలేది, అంతే.

ఆ సుమారు రోజుల్లోనే మేరీ తనంతట తాను సరేనంది. ఎవరూ గడువు పెట్టలేదు. రేవులో ఓడ ఎదురుచూడడం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మన యువత కూడికల్లో ఒక అలవాటు పాకుతోంది. అబ్బాయి అమ్మాయి దగ్గరికెళ్ళి, నువ్వే నా భార్యవని ప్రార్థనలో దేవుడు చూపించాడు అంటాడు. పాపం ఆ పిల్ల ఏమనాలి? కాదంటే దేవుణ్ణి కాదన్నట్టవుతుంది. పెళ్ళయిన ఇళ్ళలోనూ అంతే. ఉద్యోగం మానేసి సేవకు వెళ్ళమని దేవుడు చెప్పాడు అని భర్త ప్రకటిస్తాడు. పిల్లల ఫీజుల సంగతేమిటని భార్య అడిగితే ఆమెకు విశ్వాసం చాలదంటారు. అమ్మాయి వైపునుంచి కూడా ఇలాంటివి జరుగుతాయి, కానీ తక్కువ. తనకున్న కోరికను దేవుని నోట పెట్టి అవతలివాళ్ళ మీదికి తోయడం సులువు. గ్రోవ్స్‌కి ఆ సులువైన మార్గం తెరిచే ఉంది. తొమ్మిది పదేళ్ళు దాన్ని వాడుకోలేదు.

మేరీ ఒప్పుకున్నాక సంగతులు వేగంగా సాగాయి. ముందు చర్చి మిషనరీ సొసైటీ తరఫున వెళ్దామనుకున్నాడు. గురుత్వం కోసం డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదువు మొదలుపెట్టాడు. మధ్యలోనే ఆ ఆలోచన మారింది. వాక్యం చెప్పడానికి మనుషుల అనుమతి అవసరం లేదనే నిశ్చయానికి వచ్చి, ఏ సంస్థ జీతమూ లేకుండా బయల్దేరడానికి సిద్ధపడ్డాడు. పదిహేను వందల పౌండ్ల వైద్యం వదిలేసిన ఎక్సెటర్ డాక్టరు గురించి విని చలించిన జర్మన్ యువకుడు జార్జి ముల్లర్ తర్వాత గ్రోవ్స్ చెల్లెల్నే పెళ్ళి చేసుకున్నాడు. బ్రిస్టల్ అనాథ శరణాలయాల ముల్లర్ ఈయనే.

1829 జూన్‌లో గ్రోవ్స్, మేరీ, ఇద్దరు కొడుకులు, పిల్లలకు చదువు చెప్పే చెవిటి యువకుడు జాన్ కిట్టో, మరికొందరు ఇంగ్లండు వదిలారు. రష్యా మీదుగా, కాకసస్ కొండలు దాటి, డిసెంబరులో బాగ్దాద్ చేరారు. ఒక బడి పెట్టారు, అరబ్బీ నేర్చుకున్నారు. మేరీకి అక్కడ ఒక ఆడపిల్ల పుట్టింది.

1831 వసంతంలో బాగ్దాద్‌లో ప్లేగు వచ్చింది. బ్రిటిష్ ప్రతినిధి టేలర్ కుటుంబం పడవల్లో బస్రా వెళ్తూ వీళ్ళనూ రమ్మంది. భార్యాభర్తలు కూర్చుని ఆలోచించుకున్నారు. ఉండిపోదామనుకున్నారు. ఈసారి ఒకరు లాగి మరొకరు బిగుసుకున్నది లేదు. ఏప్రిల్‌లో టైగ్రిస్ పొంగి ఊరి గోడ కూలగొట్టుకుని లోపలికి వచ్చింది. వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. వరదంటే ఏమిటో గోదావరి వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. వరదతో పాటు ప్లేగు కూడా ఉంటే ఎలా ఉంటుందో మాత్రం ఊహించడం కష్టం. ఆ ఊరి జనంలో సగానికి సగం పోయారంటారు. వీధుల్లో శవాలు ఎత్తేవాళ్ళు లేరు.

మే నెల మొదట్లో మేరీకి జ్వరం తగిలింది. మే 14న ఆమె చనిపోయింది. మరికొన్ని నెలలకు పసిపిల్ల కూడా తల్లిని చేరింది.

పదేళ్ళు ఏ ప్రశ్నను తప్పించుకు తిరిగాడో ఆ ప్రశ్న ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె ఎక్సెటర్‌లోనే ఉండి ఉంటే బతికేది కదా? ఆ రోజుల్లో గ్రోవ్స్ రాసుకున్న డైరీ తర్వాత అచ్చయింది. అందులో విశ్వాసం ఉంది, దాని పక్కనే కూలిపోయిన మనిషి ఉన్నాడు. ఒకచోట స్తోత్రం చెబుతాడు, ఇంకోచోట ఆమె లేని ఇంట్లో ఎలా మెలగాలో తెలియక తడబడతాడు. దుఃఖాన్ని విశ్వాసంతో కప్పిపుచ్చి రాయలేదు. ఆ డైరీలో నాకు అన్నిటికంటే విలువైంది అదే. మన సమాధి కూడికల్లో భార్యను పోగొట్టుకున్నవాణ్ణి ఏడవనివ్వకుండా హల్లెలూయ చెప్పించే తొందర మనకుంది. గ్రోవ్స్ ఏడ్చాడు, చాలాకాలం ఏడ్చాడు.

తనను తాను నిందించుకోవడానికి అతనికి అన్ని కారణాలూ ఉన్నాయి. కానీ ఒక్క నింద మాత్రం అతని మీద వేయలేం. అతను ఆమెను ఈడ్చుకు రాలేదు. ప్లేగు ఊళ్ళో ఉండిపోయేటప్పుడు ఆమె నిర్ణయం ఆమెదే. అది చావును ఆపలేదు, తర్వాతి దుఃఖాన్నీ తగ్గించలేదు. అతని దుఃఖంలో డొరొతీ ఇంట్లో ఉన్న చీకటి మాత్రం లేదు.

1833లో గ్రోవ్స్ ఇండియా వచ్చాడు. మన కాటన్ దొర ఆయనకు స్నేహితుడే, అప్పటికింకా ధవళేశ్వరం ఆనకట్ట ఊహల్లో కూడా లేదు. దేశం పొడవునా తిరిగి ఎక్కడ పనివాళ్ళు కావాలో చూశాడు. కలకత్తాలో జబ్బుపడిన అలెగ్జాండర్ డఫ్‌కు ఓడలో సేవ చేస్తూ ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడ మనుషులను వెతికే పనిలో ఉండగానే, 1835లో హారియట్ బేన్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ సంఘంలో దొరికినవాళ్ళే బౌడెన్, బీర్. ఇద్దరికీ కొత్తగా పెళ్ళిళ్ళయ్యాయి. 1836లో మద్రాసులో దిగారు. అక్కణ్ణించి మచిలీపట్నం, ఆపైన నరసాపురం, పాలకొల్లు. గోదావరి డెల్టా మిషను అలా పుట్టింది.

గ్రోవ్స్ మాత్రం డెల్టాలో స్థిరపడలేదు. మద్రాసులో మళ్ళీ పళ్ళ వైద్యం చేసి కుటుంబాన్నీ, పనివాళ్ళనూ పోషించాడు. తర్వాత చిత్తూరులో భూమి తీసుకుని, విశ్వాసులు తమ కష్టంతో బతుకుతూ సేవ చేయాలని సేద్యం, పట్టుపురుగుల పెంపకం పెట్టాడు. నష్టపోయాడు, అప్పుల్లో పడ్డాడు. హారియట్ ఆ కష్టాలన్నీ పడింది. అన్ని విషయాల్లోనూ ఆచితూచి నడిచిన మనిషి కాదాయన. మనసు చెబితే దూకేసే స్వభావమే. అలాంటివాడు మేరీ విషయంలో మాత్రం పదేళ్ళు అంత నిదానంగా ఉండగలిగాడంటే, ఆమె మీద అతనికి ఎంత గౌరవమో అర్థమవుతుంది.

1853 మే 20న బ్రిస్టల్‌లో, ముల్లర్ ఇంట్లో గ్రోవ్స్ కన్నుమూశాడు. అదే ఏడాది ఇక్కడ జార్జి బీర్ కూడా చనిపోయాడు. ఆయన భార్య ఎలిజబెత్ సామాను కట్టుకుని ఇంగ్లండు వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆమె వెళ్ళలేదు. పిల్లలతో ఈ ప్రాంతపు పనిలోనే ఉండిపోయింది, కొడుకులు తర్వాత తండ్రి పని అందుకున్నారు.

గ్రోవ్స్ పోయిన మూడేళ్ళకు, 1856లో, ఆయన ఉత్తరాలూ డైరీలూ పోగుచేసి హారియట్ ఒక పుస్తకం వేసింది. ఈ వ్యాసంలో మేరీ గురించి చెప్పిన సంగతుల్లో చాలావరకు మనదాకా వచ్చింది ఆ పుస్తకం వల్లే. లండన్‌లో మొదలైన ప్రేమ, తండ్రి కాదనడం, ఎక్సెటర్‌లో మేరీ పడిన భయం, ఆమె మారిన తీరు, బాగ్దాద్‌లో ఆఖరి రోజులు, అన్నీ అందులో ఉన్నాయి. తన భర్త ప్రాణంగా ప్రేమించిన మొదటి భార్య కథను ఒక్క ముక్క తగ్గించకుండా, ఓపిగ్గా కూర్చుని ఎత్తి రాసింది రెండో భార్య.